ముందు వ్రాసిన ప్రమాణము

కంప్యూటరు శాస్త్రము చదువుకొను విద్యార్థి చదువు ముగియులోపల ఒక ప్రాజెక్టు చేసి చూపవలెననుట నేడు అనేక దేశములయందు ఆచారమై యున్నది. ఇంగ్లండులో పదునెనిమిదవ యేట ఏ-లెవెల్ పరీక్షకు కూర్చుండు బాలిక తన పాఠశాల కొరకు వ్రాయు ప్రోగ్రామును, కాకినాడలోనో వరంగల్లులోనో బి.టెక్. నాలుగవ సంవత్సరమున నలుగురు విద్యార్థుల బ్యాచి చేయు మేజర్ ప్రాజెక్టును ఈ యొక్క ఆచారమునకు చెందినవే. అక్కరగల మనుష్యు నొకని వెదకి, అతనికి కావలసినదేమో అడిగి తెలిసికొని, ఏవేవి నెరవేరినచో పని సఫలమైనట్లో ముందుగా కాగితముమీద పెట్టి, పిదప ప్రోగ్రాము వ్రాసి, తుదకు ఆ మొదటి కాగితమును మరల ముందు వేసికొని తాను చేసిన పనిని తానే విమర్శించుకొనుట దీని క్రమము. ఈ మెట్లన్నింటిలో మొదటిదియు తుదిదియు ముఖ్యములని నా నిశ్చయము. నడుమనున్న ప్రోగ్రాము రచనకు యంత్రమే సాక్షి. అది నడచినదో లేదో క్షణములో తేలిపోవును. కాని ఏది సాఫల్యమో నిర్ణయించుటకును, నిర్ణయించినది నెరవేరినదో లేదో ఒప్పుకొనుటకును విద్యార్థి చిత్తశుద్ధి తప్ప వేరు సాక్షి లేదు. ఆ భారము మొదట గురువుదై, నడుమ కొంతకాలము యంత్రముదై, చిట్టచివరకు విద్యార్థిదైన వృత్తాంతము డెబ్బదియైదేండ్ల చరిత్ర.

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు గణిత ప్రయోగశాలలో మారిస్ విల్క్స్ నాయకత్వమున నిర్మితమైన ఎడ్సాక్ యంత్రము 1949 మే 6వ తేదీన తన మొదటి ప్రోగ్రామును నడపి, 0 మొదలు 99 వరకు గల సంఖ్యల వర్గముల పట్టికను అచ్చువేసి యిచ్చెను. ఆ పట్టిక సరియైనదో కాదో చూచుటకు ఎవ్వరికిని కష్టము లేదు. చిక్కు వచ్చినది దాని తరువాత. ఆ వేసవిలోనే విల్క్స్ ఏరీ సమీకరణమనబడు అవకలన సమీకరణమును సాధించుటకు నూటికి పైబడిన ఆజ్ఞలతో ఒక ప్రోగ్రాము వ్రాసెను. గణితమున ప్రౌఢుడు, యంత్రమును దగ్గరనుండి కట్టించినవాడు, అయినను ఆ చిన్న టేపులో ఇరువది దాకా తప్పులు దొరలెను. తన శేషజీవితమున మంచి భాగము తన ప్రోగ్రాములలోని తప్పులను తానే వెదకికొనుటకు వ్యయము కాగలదని, ఆ రోజులలో ఒకనాడు మెట్ల మలుపున నిలిచినప్పుడు తనకు స్ఫురించినట్లు ఆయన అనంతరకాలమున ఆత్మకథలో వ్రాసికొనెను. ప్రోగ్రాము వ్రాయుట వేరు, వ్రాసినది వ్రాయదలచినదే యని నిరూపించుట వేరు అను జ్ఞానము ఈ విద్య పుట్టిన నెలకే పుట్టినదన్న మాట.

ఆ ప్రయోగశాలలో పని జరుగు తీరు కొంచెము విపులముగా చెప్పదగినది. విద్యార్థి తన ఆజ్ఞలను అయిదేసి రంధ్రముల వరుసలు గల కాగితపు టేపుమీద పడునట్లు యంత్రముతో పొడిచి, ఆ టేపును ఒక తీగకు క్లిప్పుతో తగిలించి పోవలెను. యంత్రము నడపువారు తీగమీది వరుస ననుసరించి ఒక్కొక్క టేపును తీసి ఎడ్సాక్‌నకు అందించెడివారు. తమ వంతు వచ్చువరకు టేపులన్నియు అట్లు వ్రేలాడుచుండవలసినదే. నడచి ముగిసిన తరువాత టెలిప్రింటరు కొట్టిన కాగితము విద్యార్థి చేతికి వచ్చును. ఆ కాగితముమీది అంకెలు తాను ఆశించినవా కావా యన్నది ముందుగా చేతిలెక్క కట్టియుంచుకొన్నవాడే చెప్పగలడు. కట్టియుంచుకొననివానికి ఏ అంకె వచ్చినను సరిగానే కనబడును. ఫలితము వచ్చిన పిమ్మట దానిని చూచి ‘నేను కోరినది ఇదే’ యనుకొనుట మనుష్య స్వభావము. ఆ స్వభావమునకు ప్రతిక్రియగానే, రావలసిన ఫలితమును ముందు వ్రాసికొను అలవాటు ప్రోగ్రామరులలో వేరూనినది.

ఆ యంత్రముమీదనే 1952లో ఏ. ఎస్. డగ్లస్ అను పరిశోధక విద్యార్థి, మనుష్యునకును గణనయంత్రమునకును గల సంబంధమునుగూర్చి తాను వ్రాయుచున్న డాక్టరేటు సిద్ధాంతవ్యాసమునకు ఉదాహరణముగా, ఒక ఆటను రచించెను. మన పిల్లలు పలకమీద మూడు వరుసల గళ్ళు గీచి సున్నలు, ఇంటూలు పెట్టి ఆడుకొనునదే ఆ ఆట. ఆడువాడు టెలిఫోను డయలును త్రిప్పి తన గడి సంఖ్య తెలుపును. 35 చుక్కల వెడల్పు, 16 చుక్కల ఎత్తు గల చిన్న తెరమీద యంత్రము తన ఎత్తును చూపును. అంతవరకు విద్యార్థుల ప్రోగ్రాములు చాలవరకు లెక్కలకు సమాధానములు వెదకినవి. ఇచ్చట సమాధానము ముఖ్యము కాదు. ఎదుట కూర్చున్న మనుష్యుడు యంత్రముతో ఆడగలుగుట ముఖ్యము. విద్యార్థి పనిని కొలుచు కొలతలో ఉపయోగించువాడు ప్రవేశించిన తొలి సందర్భములలో ఇది యొకటిగా నేను తలచుచున్నాను. మరుసటి సంవత్సరము, అనగా 1953లో, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము గణనశాస్త్రమున ఒక సంవత్సరపు డిప్లొమాను నెలకొల్పెను. గణనయంత్రములనుగూర్చి క్రమముగా పాఠము చెప్పి పట్టమిచ్చిన చదువులలో ప్రపంచమున అదియే మొదటిదని చెప్పుదురు.

అమెరికాలో కథ మరియొక త్రోవను పట్టినది. అక్కడ విద్యార్థులు వందలకొలది పెరిగిరి, యంత్రములు మాత్రము కళాశాలకు ఒకటో రెండో. రెన్సెలర్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్‌లో జాక్ హాలింగ్స్‌వర్త్ అను అధ్యాపకుడు ఐ.బి.ఎమ్. 650 యంత్రముమీద విద్యార్థుల ప్రోగ్రాములను దిద్దు ప్రోగ్రామును సిద్ధపరచి, ఆ విషయమును 1960లో ప్రకటించెను. విద్యార్థి తన పంచికార్డుల కట్టను తెచ్చి యిచ్చును. దిద్దు ప్రోగ్రాము దానిని తనతో చేర్చుకొని నడపి, ‘తప్పు’ అనియో ‘పూర్తి’ అనియో రెండు తీర్పులలో ఒకటి చెప్పును. మూడవ తీర్పు లేదు. ఈ యేర్పాటువలన యంత్రకాలము ఆదా యయ్యెను. అంతకుముందు సాధ్యముకాని సంఖ్యలో విద్యార్థులకు విద్య చెప్పుటకు వీలు కలిగెను. విద్యార్థి ప్రోగ్రాము దిద్దు ప్రోగ్రామునే మార్చివేయగల ప్రమాదము కూడ ఉన్నదని ఆ అధ్యాపకుడు అప్పుడే గుర్తించెను. 1964లో డెన్మార్కున పీటర్ నౌర్ ఆల్గాల్ భాషలోని విద్యార్థి ప్రోగ్రాములను దిద్దుటకును, 1965లో స్టాన్‌ఫర్డ్‌లో జార్జి ఫోర్సైత్, నిక్లాస్ విర్త్ అనువారు ప్రోగ్రాములకు పరీక్షాంకెలు అందించి, నడచిన కాలమును కొలిచి, మార్కుల పుస్తకమున ఎక్కించుటకును ఇట్టివే సాధనములు నిర్మించిరి. నేడు మన విద్యార్థులు ఉద్యోగ పరీక్షలలో ఎదుర్కొను కోడింగ్ టెస్టులకు పూర్వులు వీరే.

ఈ పద్ధతి గొప్పదే. పక్షపాతము లేదు, అలసట లేదు. అయినను ఇందులో విద్యార్థికి లేని దొకటి గలదు. ప్రమాణము అతనిది కాదు. అది గురువు పెట్టెలో తాళమువేసి యుండును. విద్యార్థి దానిని ఊహించి దాటవలెనే కాని, దానిని తాను నిర్మించు పని లేదు. ఇట్లు శిక్షణ పొందినవాడు ఇచ్చిన లెక్కను చక్కగా సాధించును. ఏ లెక్కను సాధింపవలెనో తేల్చవలసిన చోట మాత్రము దిక్కులు చూచును.

ఆ లోపము లోకమునకు తెలియవచ్చుటకు ఎక్కువకాలము పట్టలేదు. 1968 అక్టోబరులో నాటో సంస్థ ప్రోద్బలమున జర్మనీలోని గార్మిష్ పట్టణమున ఒక సదస్సు జరిగెను. పెద్ద పెద్ద ప్రోగ్రాములు చెప్పిన గడువునకు రాకపోవుట, వచ్చినను కోరినట్లు పనిచేయకపోవుట అందు చర్చకు వచ్చినది. సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగు అను పేరు ఆ సదస్సుతోనే వ్యాప్తిలోనికి వచ్చెను. 1970లో విన్‌స్టన్ రాయిస్ అను ఇంజనీరు, అవసరముల నిర్ణయము, విశ్లేషణము, రచన, కోడింగు, పరీక్ష, వినియోగము అను మెట్లు ఒకదానినుండి యొకటి దిగుచున్నట్లు ఒక పటము గీచి ప్రకటించెను. పాఠ్యపుస్తకములన్నియు ఆ పటమును తీసికొనినవి. కాని అదే వ్యాసమున రాయిస్, ఈ విధముగా పరీక్షను తుదకు త్రోసివేయుట అపాయకరమనియు వైఫల్యమును ఆహ్వానించుటయే యనియు చెప్పిన మాటను తీసికొనిన పుస్తకములు తక్కువ. ఆ పటమే పాఠశాలల మార్కుల పట్టికలలోనికి దిగి, ‘విశ్లేషణము, రచన, అమలు, పరీక్ష, మూల్యాంకనము’ అను శీర్షికలై నేటికిని నిలిచియున్నది.

పాఠశాలల సంగతికి వత్తము. ఇంగ్లండులో రాంఫర్డ్ పట్టణపు రాయల్ లిబర్టీ స్కూలు 1965లో ఎలియట్ 903 యంత్రమును సొంతముగా నెలకొల్పుకొనెను. ఇతర పాఠశాలలకు అట్టి భాగ్యము లేదు. 1970ల దశకమున పిల్లలు ప్రోగ్రామును గళ్ళకాగితముమీద పెద్ద అక్షరములతో వ్రాసి, లేదా కార్డులమీద గుర్తులు పెట్టి, ఊరిలోని కళాశాలకో కార్యాలయమునకో పంపెడివారు. ఫలితము రోజులు గడచిన తరువాత తిరిగివచ్చును. ఐ.సి.ఎల్. కంపెనీ పాఠశాలల కొరకు సెసిల్ అను చిన్న భాషను కూడ తయారుచేసెను. ఒక్క కామా తప్పినచో అన్ని రోజులును వృథా. కావున పంపుటకు ముందే పెన్సిలు పట్టుకొని, ప్రతి చరరాశి విలువను వరుస వెంబడి వ్రాసికొనుచు, తామే యంత్రమై ప్రోగ్రామును కాగితముమీద నడపి చూచుకొనుట ఆ తరమువారికి అలవడినది. ఆలస్యము నేర్పిన విద్య అది. నేడు మీట నొక్కగానే ఫలితము కనబడుచుండుటచే ఆ ఓపిక పోయినది. దానికి నేను చింతించుచున్నాను.

1981 డిసెంబరులో బి.బి.సి. మైక్రో వచ్చినది. కేంబ్రిడ్జిలోని ఏకార్న్ కంపెనీ దానిని నిర్మించెను. పాఠశాలలు యంత్రము కొనుటకు ప్రభుత్వము సగము ధర భరించెను. 32 కిలోబైట్ల జ్ఞాపకశక్తి గల ఆ యంత్రము తరగతిగదిలోనే యుండుటచే, విద్యార్థి వ్రాసిన ప్రోగ్రామును గుమాస్తాయో గ్రంథపాలకుడో వచ్చి కూర్చుండి నడపి చూచుటకు వీలు కలిగినది. ఇది మిక్కిలి పెద్ద మార్పు. అంతవరకు ప్రాజెక్టు ఒక వ్రాతపని. ఇప్పుడది ఒక వాడుక వస్తువు. 1986లో పాఠములు ప్రారంభమై 1988లో తొలి పరీక్షలు జరిగిన, ఏ-లెవెల్‌కు ముందు పిల్లలు వ్రాయు జి.సి.ఎస్.ఇ. పరీక్షా విధానము, సంవత్సరము పొడుగున చేసిన పనికి మార్కులిచ్చు పద్ధతికి పెద్దపీట వేసినది. ఆ దశాబ్దమున ఇంగ్లండు పిల్లలు తమకు తెలిసిన ఇరుగుపొరుగువారి పనులను ఎన్నుకొని ప్రోగ్రాములు వ్రాయుటకు అలవాటుపడిరి.

ఒక చిన్న గ్రంథాలయమును తీసికొని ఈ పని ఎట్లు జరుగునో చూతము. విద్యార్థి గ్రంథపాలకుని వద్దకు పోయి అడుగును. ఆయన ‘పుస్తకములు తొందరగా దొరకవలె, ఎవరివద్ద ఏమున్నదో తెలియవలె’ నని చెప్పును. ఇది కోరిక, ప్రమాణము కాదు. ‘తొందరగా’ అన్నమాటను ఎవ్వడును కొలువలేడు. మరల అడుగగా, పేరులో మూడక్షరములు కొట్టినచో రెండు సెకనులలోపల జాబితా కనబడవలెననియు, ఒక సభ్యునికి మూడు పుస్తకములకు మించి ఇచ్చుట లేదు గనుక నాలుగవ దానిని యంత్రము నిరాకరింపవలెననియు, పదునాలుగు దినముల గడువు దాటిన పేర్లు ప్రతి ఉదయము మొదటి తెరమీదనే రావలెననియు తేలును. ఇవి ప్రమాణములు. వీనికి ఎదురుగా అవుననియో కాదనియో వ్రాయవచ్చును.

పిదప పరీక్షల పట్టిక. వరుస సంఖ్య, యంత్రమునకు ఇచ్చునది, రావలసినది, వచ్చినది, చేసిన సవరణ - ఇట్లు అయిదు గళ్ళు. మొదటి మూడు గళ్ళను ప్రోగ్రాము నడపుటకు ముందే నింపవలెను. తక్కిన రెంటిని నడపిన పిదప. రెండు పుస్తకములున్న సభ్యునికి మూడవది ఇచ్చుట సాధారణ పరీక్ష. మూడున్నవానికి నాలుగవది ఇవ్వజూచుట హద్దుమీది పరీక్ష. సభ్యత్వ సంఖ్య యుండవలసిన చోట పేరు కొట్టుట దోషపరీక్ష. ఫిబ్రవరి 20న తీసికొనిపోయిన పుస్తకపు గడువు మామూలు సంవత్సరమున మార్చి 6, లీపు సంవత్సరమున మార్చి 5. ఈ వరుసలో విద్యార్థి ప్రోగ్రాము తరచుగా జారిపడును; జారిపడినట్లు నాలుగవ గడిలో వ్రాసి, అయిదవ గడిలో సవరణ తేదీ వేసినవాడు ఆ ఒక్క వరుసతో పుస్తకపాఠములు నేర్పనిది నేర్చుకొనును. పరీక్షకుడు చూడవలసినదియు ఆ వరుసనే. అన్ని గళ్ళును ఒకే సిరాతో ఒకే పూట నిండిన పట్టిక ఎంత అందముగా నున్నను విశ్వాసపాత్రము కాదు.

1990ల తరువాత ఇంగ్లండు పాఠశాలలలో ప్రోగ్రామింగు క్షీణించి, ఉత్తరములు టైపుచేయుట, లెక్కల పట్టికలు నింపుట వంటి కార్యాలయపు పనులు దాని స్థానమును ఆక్రమించినవి. 2012 జనవరిలో రాయల్ సొసైటీ ఈ దుస్థితిని తీవ్రముగా విమర్శించుచు ఒక నివేదికను ప్రకటించెను. ఆ నెలలోనే పాత పాఠ్యక్రమమును తొలగింతుమని విద్యామంత్రి ప్రకటించెను. ఫిబ్రవరి 29న రాస్‌బెర్రీ పై అను చౌకయంత్రము అమ్మకమునకు వచ్చెను. 2014 సెప్టెంబరునుండి కొత్త కంప్యూటింగు పాఠ్యక్రమము అమలులోనికి వచ్చెను. దాని వెనుక 2015లో ఏ-లెవెల్ సంస్కరింపబడి, మొత్తము మార్కులలో నూటికి ఇరువది ప్రాజెక్టునకు కేటాయింపబడినవి.

ఇందులో ఒక తారతమ్యమును పాఠకులు గమనింపవలెను. ఓ.సి.ఆర్. అను పరీక్షామండలి తన 70 మార్కులను విశ్లేషణకు 10, రచనకు 15, అభివృద్ధికి 25, మూల్యాంకనమునకు 20 అని పంచినది. ఏ.క్యు.ఏ. అను మరియొక మండలి తన 75 మార్కులలో విశ్లేషణకు 9, రచనకు 12, ప్రోగ్రామునకు 42, పరీక్షకు 8 ఇచ్చి, మూల్యాంకనమునకు నాలుగే మిగిల్చినది. రెండును ఒకే వయస్సు పిల్లలకు, ఒకే పట్టమునకు. ఒక మండలి ప్రోగ్రాము ప్రౌఢిమను ప్రధానముగా కొలుచుచున్నది. మరియొకటి విద్యార్థి తీర్పును కూడ కొలుచుచున్నది. నాకు ఓ.సి.ఆర్. పంపకమే మేలుగా తోచుచున్నది. ప్రతి సాఫల్య ప్రమాణమును తీసికొని అది పూర్తిగా నెరవేరినదా, కొంత నెరవేరినదా, నెరవేరలేదా యని పరీక్షాధారములతో చెప్పి, నెరవేరనిదానిని ఇకముందు ఎట్లు తీర్చవచ్చునో వ్రాసినవానికి ఆ మండలి నిబంధనలు ఉన్నతశ్రేణి మార్కులిచ్చును. నెరవేరలేదని నిజము చెప్పినందుకు మార్కులు పోవు, వచ్చును. దీని విలువ అధ్యాపకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

అదే కాలమున క్రింది తరగతులలో వేరొక ప్రయోగము జరిగి విఫలమయ్యెను. జి.సి.ఎస్.ఇ. కంప్యూటరు శాస్త్రమున పరీక్షామండలులే ప్రాజెక్టు విషయమును నిర్ణయించి పంపెను. పిల్లలు ఉపాధ్యాయుని యెదుట 20 గంటలలో దానిని చేయవలెను. దానికి నూటికి ఇరువది మార్కులు. 2017 శరత్కాలము నాటికి ఆ విషయములును, వాని సమాధానములును అంతర్జాలమున బహిరంగముగా తిరుగుచుండెను; అవి వేలసార్లు చూడబడినవి. 2018 జనవరిలో పర్యవేక్షక సంస్థయైన ఆఫ్‌క్వల్, ఆ ప్రాజెక్టు మార్కులు ఇక గ్రేడులో చేరవనియు, వ్రాతపరీక్షయే ప్రమాణమనియు నిర్ణయించెను. ఎవరికివారు తమ సమస్యను ఎన్నుకొను ఏ-లెవెల్ ప్రాజెక్టు మాత్రము నిలిచినది. కారణము స్పష్టము. దేశమంతటికి ఒకే ప్రశ్న, ఒకే ప్రమాణమైనప్పుడు సమాధానము సరకై పోవును. మీ వీధి గ్రంథపాలకుడు చెప్పిన ప్రమాణములకు సమాధానము అంగడిలో దొరకదు.

ఇక మన దేశము. 1963 ఆగస్టులో కాన్పూరు ఐ.ఐ.టి.కి ఐ.బి.ఎమ్. 1620 యంత్రము వచ్చినప్పటినుండి ఇంజనీరింగు విద్యార్థులకు ప్రోగ్రామింగు నేర్పు పద్ధతికి మన దేశమున గట్టి పునాది పడినది. విద్యార్థులే స్వయముగా యంత్రము దగ్గరకు పోయి కార్డులు పెట్టి నడుపుకొనుటకు అక్కడ స్వేచ్ఛ యుండెను. అచ్చటి అధ్యాపకుడు వి. రాజారామన్ వ్రాసిన పాఠ్యపుస్తకములు 1969 మొదలు దేశమంతట చదువబడినవి. ఆయన అధ్యక్షతన 1980 ప్రాంతమున ఏర్పడిన సంఘమే ఎం.సి.ఎ. చదువును సూచించి, చివరి సెమిస్టరును పూర్తిగా ప్రాజెక్టునకు విడిచిపెట్టినది. హైదరాబాదులో 1967లో స్థాపితమైన ఈ.సి.ఐ.ఎల్. సంస్థ టి.డి.సి. పేరుతో స్వదేశీ యంత్రములను నిర్మించెను. 1984లో ‘క్లాస్’ పథకము క్రింద దేశమున సుమారు 250 పాఠశాలలకు బి.బి.సి. మైక్రోలు చేరినవి. ఇంగ్లండు పిల్లల చేతిలోని యంత్రమే మన పిల్లల చేతికిని వచ్చినది. కాని ఆ యంత్రముతోపాటు రావలసిన ప్రాజెక్టు ఆచారము మన పాఠశాలలలో అంతగా పాదుకొనలేదు.

మన తెలుగునాట ఆ ఆచారము ఇంజనీరింగు కళాశాలలలో స్థిరపడినది. నాలుగవ సంవత్సరమున బ్యాచి ఏర్పడును, గైడు నియమింపబడును, అబ్‌స్ట్రాక్టు ఇత్తురు, రెండు మూడు రివ్యూలు జరుగును, రికార్డు బైండు చేయింతురు, బయటినుండి ఎక్స్‌టర్నల్ వచ్చి వైవా చేయును. కట్టుబాటులో లోపము లేదు. అయినను అమీర్‌పేట పరిసరములలో కోడు, డాక్యుమెంటు, ప్రెజెంటేషను మూడును కలిపి సిద్ధముగా అమ్ము దుకాణములు వెలసి, టైటిలును ఎన్నుకొని డబ్బు కట్టినచో ప్రాజెక్టు చేతికి వచ్చు స్థితి యేర్పడినది. ఆ రికార్డులను తిరుగవేసి చూడుడు. మొదటి అధ్యాయమున ‘ప్రస్తుత విధానము లోపభూయిష్టము, ప్రతిపాదిత విధానము నిర్దుష్టము’ అని యుండును. ఎవరికి లోపము, ఎవరు చెప్పిరి అన్నది లేదు. పరీక్షల పట్టికలో అన్ని వరుసలకును ‘పాస్’ అనియే యుండును. తుది అధ్యాయము మొదటి అధ్యాయమును ఒక్కమారైనను తలచుకొనదు. వైవాలో అడుగు ప్రశ్న ‘అవుట్‌పుట్ వచ్చిందా?’ అనునది. అవుట్‌పుట్ వచ్చినది, నిజమే. అది ఎవరికి కావలసిన అవుట్‌పుట్ అను ప్రశ్న ఆ గదిలో పుట్టదు.

దీనికి విద్యార్థులను నిందించుట అన్యాయము. విశ్వవిద్యాలయపు నిబంధనలలో రికార్డు పుటలకు, శీర్షికలకు, అంచుల కొలతలకు కూడ నియమములున్నవి. సాఫల్య ప్రమాణములను కోడు కంటె ముందు వ్రాసి తేదీ వేయవలెనను నియమమును గట్టిగా పట్టించుకొను కళాశాలలు అరుదు. ‘ఈ మూడు నెరవేరినవి, ఈ రెండు నెరవేరలేదు’ అని ధైర్యముగా వ్రాసిన బ్యాచికి మార్కులు తగ్గునను భయము విద్యార్థులలో నున్నది. ఆ భయము నిరాధారమని మనము చెప్పలేము. భయపడువాడు అన్నింటికిని ‘పాస్’ వ్రాయును. వ్రాయించుచున్నది మనమే.

కావున ఈ యేడు ప్రాజెక్టులు చేయింపబోవు అధ్యాపకులకు నాదొక మనవి. మొదటి రివ్యూకు స్లయిడులు తేవలదని చెప్పి, ఒక్క కాగితము తెమ్మనుడు. అందు ఊరిలోని నిజమైన మనుష్యుడొకడు, కిరాణా కొట్టువాడో, పాల కేంద్రపు కార్యదర్శియో, ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు నర్సో, తనకు కావలసినవి తన మాటలలో చెప్పగా విద్యార్థులు కొలువదగినట్లు వ్రాసికొనిన అయిదారు ప్రమాణములుండవలెను. దానిమీద ఆ మనుష్యుడును మీరును తేదీ వేసి సంతకము చేయుడు. ఆ కాగితమును బైండులో మొదటి పుటగా కుట్టించి, వైవానాడు ఎక్స్‌టర్నల్ ముందు మొదట దానినే తెరిపింపుడు. నెరవేరని ప్రమాణమును నిజాయితీగా చూపి కారణము చెప్పిన బ్యాచికి పూర్తి మార్కులు వేయుడు.